గోడ దాటిన లచ్చిమి

పక్కింటమ్మ పోయిందని ఆమె అల్లుడు వచ్చి చెప్పాడు. దువ్వాడ నుంచి పొద్దుటి పాసింజరులో వచ్చాడు. లోపలికి రమ్మంటే రాకుండా గేటు దగ్గరే నిలబడి, "తెల్లారగట్ల పోనాదండి. నిద్దట్లోనే పోనాది. మీకు మాత్రం తప్పకుండా సెప్పమంది మా ఇంటిది," అన్నాడు. ఇంకా కబురు చెప్పాల్సిన ఇళ్లున్నాయంటూ వెళ్లిపోయాడు.

నేను వెనక్కి తిరిగేసరికి మా అత్త గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. విన్నట్టే ఉంది.

పక్కింటమ్మ అని నేను కోడలిగా వచ్చిన కొత్తలో పిలవడం మొదలుపెట్టాను. ఆమె మా పక్కిల్లు వదిలి ఎన్నో ఏళ్లయినా నాకు ఆ పిలుపు పోలేదు. ఆమె గురించి రాస్తే మా ఇంటి పరువు కొంత పోతుందని మా ఆయన అన్నాడు. పోనీ. ఆమె పరువు ఎప్పుడో పోయింది, అదీ మా ఇంటివల్లే పోయింది.

నేను కాపురానికి వచ్చినప్పుడు మేం కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన లైను ఇళ్లలో ఉండేవాళ్లం. గూడ్సుబండి వెళ్తే అటక మీద గిన్నెలు గలగలమనేవి. ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగేవి. ఇంట్లో మా ఆయన, మా అత్త, మా మరిది, నేను. మామగారు అప్పటికే లేరు. పక్కింటమ్మకీ భర్త పోయాడు. ఒక్కతే కూతురు, పెళ్లి చేసి దువ్వాడ పంపేసింది. రెండిళ్లకీ చెరో గేదె ఉండేది. పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ. ఎప్పుడో వానకి ఆ గోడ ఒకచోట కూలితే, మళ్లీ కట్టకుండా ఆ సందులో ఒక గుంజ పాతారు. అది చల్ల చిలికే గుంజ. దానికి కవ్వం తగిలించి, తాడు చుట్టి, ఒకరోజు మా అత్త చిలికితే మర్నాడు పక్కింటమ్మ చిలికేది. ఒకరు చిలుకుతుంటే రెండోవారు మిగిలిన గోడ మీద కూర్చుని కబుర్లు చెప్పేవారు. మా అత్త ఆమెని "అప్పా" అనేది, ఆమె మా అత్తని "సెల్లీ" అనేది. వాళ్లిద్దరూ తోడబుట్టినవాళ్లు కారని తెలియడానికి నాకు వారం పట్టింది.

మా పుట్టింట్లో పాడి లేదు. మొదటిసారి నా చేతికి తాడిస్తే నూతిలో చేద లాగినట్టు లాగేశాను. కుండ ఒరిగిపోయింది. చల్ల సగం నా చీర మీద పడింది. మా అత్త నోరు తెరిచేలోపలే పక్కింటమ్మ గోడ దిగి వచ్చి, నా వెనక నిలబడి, నా రెండు చేతుల మీదా తన చేతులు వేసింది.

"లాగినంత వొదలాలే అమ్మీ. ఓ సెయ్యి లాగుతుంటే ఇంకో సెయ్యి ఇయ్యాల. రెండూ లాగితే కుండే పోద్ది."

ఆమె దగ్గర తెల్లజాకెట్టు తడిసిన వాసన, పచ్చిగడ్డి వాసన, కొంచెం పొగాకు వాసన వచ్చేవి. చుట్ట కాల్చేది. నిప్పు నోట్లోకి తిప్పి కాల్చే అడ్డపొగ కాదు, మామూలుగానే. చిలికేటప్పుడు మాత్రం ముట్టుకునేది కాదు. నోరు పుక్కిలించుకుని, కాళ్లు కడుక్కుని, గుంజ మొదట్లో పసుపు చుక్క పెట్టి అప్పుడు తాడు పట్టేది.

ఆమెకి ఆచారాలు చాలా ఉండేవి. తాడు దాటకూడదు. చిలుకుతున్నవాళ్లని "ఎన్న పడిందా?" అని అడగకూడదు. అడిగితే అది సిగ్గుపడి కరిగిపోతుందట. "వచ్చిందా?" అని మాత్రమే అడగాలి. వచ్చాక "లచ్చిమొచ్చింది" అనాలి. తొలి పూస గుంజకి కొంచెం రాయాలి, గేదె నుదుటికి కొంచెం రాయాలి, మిగిలింది ఆ పూట పెరట్లో ఉన్న చిన్నపిల్లల చేతిలో పెట్టాలి. దీపం పెట్టాక ఎవరికీ తోడు ఇవ్వకూడదు. తప్పనిసరైతే గిన్నెలో చిన్న బొగ్గుముక్క వేసి ఇవ్వాలి. అన్నిటికన్నా గట్టిది ఒకటుంది. వెన్న అమ్ముకోవచ్చు, నెయ్యి అమ్ముకోవచ్చు, చల్ల మాత్రం అమ్మకూడదు. ముంతతో వచ్చినవాళ్లని ఉత్త ముంతతో పంపకూడదు. మొహమాటపడి కొంగుచాటున ముంత దాచుకుని నిలబడేవాళ్లని చూస్తే ఆమెకి ఒళ్లు మండేది. "సల్లకొచ్చి ముంత దాసుకుంటావేటే? నీ బాబు సొమ్ములాగ అడుగు," అనేది.

నేను తల్లిని కాకముందు, ఒకరోజు తొలి పూస తెచ్చి నా అరచేతిలో పెట్టింది. "నాను పిల్లనేటి?" అన్నాను ఆమె యాసలోనే, ఆటపట్టిస్తూ.

"కొత్తకోడలు ఏ ఇంట్లోనైనా పిల్లే. మింగు. మీ అత్త సూసిందంటే నెయ్యికి పనికొచ్చేదంటాది."

మా అత్త చూసింది. నవ్వింది. ఆ రోజుల్లో ఆ ఇద్దరూ కలిసి నవ్వుతుంటే కట్టేసిన గేదెలు కూడా తల తిప్పి చూసేవి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది శత్రువుల మధ్య జరగలేదు.

ఆ ఏడు కార్తీకంలో మా ఇంట్లో తోడు పాడైంది. పెరుగు తీగలు సాగింది. పక్కింటమ్మ తన కుండలోంచి గరిటెడు తోడు తెచ్చి మా పాలలో వేసింది. పెరుగు బాగానే పేరుకుంది. మార్గశిరం వచ్చేసరికి మాత్రం మా కుండలో వెన్న తగ్గడం మొదలైంది. ఒకనాడు నిమ్మకాయంత, ఒకనాడు ఉసిరికాయంత. తర్వాత నురగ తేలి, నాలుగు పలుకులు కనబడి, అవీ కరిగిపోయేవి. మా అత్త గేదెకి తవుడు పెంచింది. కవ్వాన్ని నిప్పు సెగకి చూపించింది. కాల్చిన మేకు చల్లలో ముంచింది. ఏమీ కాలేదు. గోడ అవతల పక్కింటమ్మ కుండలో మాత్రం వెన్న ముద్దకట్టి పైకి తేలేది.

మా వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటారు. మార్గశిర లక్ష్మివారమంటే విశాఖపట్నంలో ఆడవాళ్లకి పెద్ద పండగ. ఇల్లు కడిగి ముగ్గులు పెట్టి లక్ష్మిని లోపలికి పిలుచుకునే రోజు. అలాంటి రోజున, చల్ల కోసం అయిదారుగురు ముంతలతో పెరట్లో నిలబడి ఉండగా, మా అత్త చిలికీ చిలికీ అలిసిపోయింది. నురగ తప్ప ఏమీ తేలలేదు.

లైనులో చివరింటావిడ ముంత చంకన పెట్టుకుని, "నీ లచ్చిమి గోడ దాటీసిందే," అంది. ఆవిడ నవ్వుతూనే అంది. మిగతావాళ్లు నవ్వలేదు.

మా అత్త తాడు వదిలేసింది. గోడ మీద కూర్చున్న పక్కింటమ్మ వైపు తిరిగింది.

"నువ్వేసిన తోడే గదా," అంది.

"ఏ తోడే?"

"కార్తీకంలో ఏసినావు. అప్పట్నుంచే నా కుండ ఎండిపోనాది. నీ కుండ పొంగుతంది."

పక్కింటమ్మ పరాచికమనుకుంది. "సలికాలం గదే సెల్లీ. సెంబుడు ఏణ్ణీళ్లు పొయ్యి, అదే వత్తాది."

"నన్ను సెల్లీ అనకు."

అప్పుడు అర్థమైంది ఆమెకి. గోడ దిగి నిలబడింది. మా మరిది నూతి దగ్గర వేపపుల్ల నములుతూ చూస్తున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"గుంజ మీద సెయ్యెయ్యి," అంది మా అత్త. "నా ఇంటి మీద నీ కన్ను నేదని, తోడులో ఏటీ కలపనేదని, అమ్మోరి మీద ఒట్టేసి సెప్పు."

"ఒట్టేత్తే నమ్ముతావా?"

"నమ్ముతాను."

"అయితే ఎయ్యను," అంది పక్కింటమ్మ. గొంతు పెంచలేదు. "ఒట్టేత్తే నమ్మేదానివి, ఒట్టు నేకుండా ఎందుకు నమ్మవు? ఇన్నేళ్లూ ఒక్క గుంజకాడ సిలికినాం. అది సాలదేటి నీకు?"

ముంతలవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒట్టు వెయ్యలేదంటే చేసిందనే అర్థమని ఆ సాయంత్రానికి లైనంతా అనుకున్నారు.

ఆ తర్వాత రెండు వారాలు తిరగకుండానే మా కుండలో మళ్లీ వెన్న పడడం మొదలైంది. మామూలుగా కాదు, కుండ మూతి నిండా. పక్కింటమ్మ గోడ దగ్గరికి రావడం మానేసింది కాబట్టే లక్ష్మి తిరిగొచ్చిందన్నారు. దానితో ఆమె నేరం రుజువైపోయింది. మా అత్త ఆ రోజు లైనులో ఇంటింటికీ చల్ల పంపించింది.

పక్కింటమ్మ గుంజ వైపు మళ్లీ రాలేదు. వంటింట్లో చిన్న కుండ పెట్టుకుని కవ్వాన్ని చేతుల్తోనే తిప్పుకునేది. వెన్న కొనేవాళ్లు మానుకున్నారు. చల్లకి ఒక్క ముంత కూడా రాలేదు. ముంతతో వచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపకూడదనుకున్న మనిషి, రోజూ మధ్యాహ్నందాకా చూసి, చల్ల అంతా తీసుకెళ్లి కుడితి తొట్టిలో పోసేసేది. గేదె తాగుతుంటే పక్కన నిలబడి చుట్ట వెలిగించుకునేది. ఒకరోజు నేను ముంత పట్టుకుని వీధివైపు నుంచి వాళ్లింటికి వెళ్లాను. ఆమె కళ్లు ఒక్క క్షణం మెరిశాయి. అంతలోనే తల అడ్డంగా ఊపింది.

"వొద్దే. మీ అత్తకి తెలిత్తే నీకు కట్టం. నువ్వు ఆ ఇంట్లో బతకాల. ఎల్లు."

మర్నాటి నుంచి కుళాయి దగ్గర కనబడితే మాత్రం నా బిందె ఎత్తి చంకన పెట్టేది. అదొక్కటీ మానలేదు. నాకు నెల తప్పిందని ఆమెకే ముందు తెలిసింది, బిందె ఎత్తుతూ నా ముఖం చూసి.

ఏడాది తిరిగేసరికి గేదెని అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు రిక్షాలో సామాను పెట్టించి, నన్ను పక్కకి పిలిచి చెప్పిన మాట నాకు బాగా గుర్తు.

"మీ అత్తని ఏటీ అనకే. మనిసి మంచిదే. నమ్మీసింది, అంతే. నమ్మి అన్నోళ్లని ఏటంటాం? నాను దాని సోట్లో ఉంటే నానూ నమ్ముదునేమో."

ఆ మాటే పట్టుకుని ఆమె దువ్వాడలో బతికింది. నేను ఏడాదికి ఒకటి రెండుసార్లు పిల్లల్ని తీసుకుని వెళ్లి చూసేదాన్ని. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని గేదెల కథలు చెప్పేది. ఒక్కసారి కూడా మా అత్తని తప్పుగా అనలేదు. "మోకాళ్ల నొప్పి తగ్గినాదా దానికి?" అని అడిగేది. ఆవనూనెలో వెల్లుల్లి కాచి రాయమనేది. నేనే చెప్పినట్టు మా అత్తకి చెప్పమనేది.

ఏళ్లు గడిచాయి. లైను ఇళ్లు వదిలి దగ్గర్లోనే సొంతిల్లు కట్టుకున్నాం. గేదె పోయింది, పాలబూత్ పాలకి అలవాటు పడ్డాం. మా మరిదికి గాజువాక వైపు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఒక ఆదివారం భార్యాబిడ్డలతో భోజనానికి వచ్చాడు. పిల్లలు అతని చెయ్యి పట్టుకుని వేలాడుతూ ఆడుతున్నారు. వయసులో అతనికి కండలు పెంచే పిచ్చి ఉండేది. తెల్లవారకుండానే కసరత్తు చేసే తాలింఖానాకి పోయి బస్కీలు తీసేవాడు.

"ఈ కండ ఎలగొచ్చిందో తెలుసేటి మీకు?" అన్నాడు పిల్లలతో. "మీగడ! మీ నాన్నమ్మ పెరుగు కుండలో పైన మీగడంతా ఎత్తీసి తినీసేవోణ్ణి. తెలవకుండా పైన పాలు పోసి సదును సేసీసేవోణ్ణి. మా అమ్మ ఎన్న పడ్నేదని మేకులు కాల్సి ముంచేది!"

అందరూ నవ్వారు. నేను వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని మా అత్త వైపు చూశాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె కూడా నవ్వుతోంది.

"ఎదవని ఆ వారంలోనే పట్టుకున్నాను," అంది. "మూతికి మీగడంటుకుని ఉంది. ఈపు సిట్లగొట్టీసాను. అప్పట్నుంచి మానీసాడు."

"ఏ వారంలో అత్తా?"

నా గొంతు ఎలా ఉందో, నవ్వులు ఆగిపోయాయి.

"పక్కింటమ్మని ఒట్టెయ్యమన్నారే, ఆ వారంలోనా?"

మా అత్త కంచంలోకి చూసింది. "అయిపోనాదానికి ఇప్పుడేటే," అంది. "పప్పు ఎయ్యి."

నేను పప్పు వేశాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు. లక్ష్మి గోడ దాటనూ లేదు, తిరిగి రానూ లేదు. కొడుకు వీపు మీద నాలుగు దెబ్బలు పడ్డాక వెన్న పడింది. అది తెలిసి కూడా ఈవిడ ఇంటింటికీ చల్ల పంపించింది. ఆ చల్ల గిన్నెలు మోసుకెళ్లి ఇచ్చింది నేనే. ఆ సాయంత్రం మా ఆయనతో అంటే, "ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం?" అన్నాడు. నాకన్నా ముందే అతనికీ తెలుసని అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ, పక్కింటమ్మకీ తప్ప.

దువ్వాడ వెళ్లి చెప్పాను. చెప్పాలా వద్దా అని రైల్లో కూర్చున్నంతసేపూ కొట్టుకున్నాను. చెప్పకపోతే నేనూ వాళ్లలో కలిసిపోతాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. మీగడ సంగతి వినగానే నవ్వింది. "గుంటడు! నాకు సెప్తే నా కుండలో మీగడా ఎట్టుదును గదే," అంది. తర్వాత నేను మిగతాది చెప్పాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆ వారంలోనేనా?"

"ఆ."

"నాను ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాను గదా అప్పుడు. గోడకి ఇవతలే ఉన్నాను గదా."

ఆమె చింతపండు పక్కకి జరిపి అంది: "ఇన్నేళ్లూ నాలో నాను దాని తరపున మాటాడుకున్నానే. నా కూతురు తిడితే దెబ్బలాడినాను. నమ్మింది, నమ్మి అంది అని. నీళ్లు సిలికినాను ఇన్నేళ్లూ."

మళ్లీ వారం ఆమె ఒంటరిగా బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. మా అత్త వరండాలో కుర్చీలో ఉంది. చూడగానే లేవబోయింది, మోకాళ్లు సహకరించలేదు. పక్కింటమ్మ మెట్టు మీదే నిలబడింది.

"ఒక్కటే అడుగుదామని వచ్చినాను. తెలిసినాక నా గుమ్మంలోకొచ్చి ఒక్క మాట ఎందుకు సెప్పనేదు? లైనుకి సెప్పొద్దు. నాకు."

"ఎలగ సెప్పనప్పా," అంది మా అత్త. అన్నేళ్ల తర్వాత ఆ నోట ఆ పిలుపు. "అంతమందిలో అనీసినాను. అన్నమాట ఎనక్కెలగ తీసుకుంటాను? నీ మొహం ఎలగ సూత్తాను? రేపు సెప్దాం రేపు సెప్దాం అనుకున్నాను. నువ్వెల్లిపోనావు."

"నాను ఏడాది ఉన్నాను."

మా అత్త ఏడ్చింది. నేను లోపలికెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చాను. మా అత్త నా చేతిలోంచి గ్లాసు తీసుకుని తనే చాపింది. పక్కింటమ్మ దానివైపు చూసింది. చల్ల వద్దన్న మనిషిని నేను జీవితంలో ఆ ఒక్కసారే చూశాను.

"తాగితే సరిపోయిందనుకుంటావు," అంది. "సరిపోనేదు. నువ్వు అన్నందుకు కాదు. నన్ను కుడితి తొట్టికాడ రోజూ సూసినావు. సూత్తా ఊరుకున్నావు."

వెనక్కి తిరిగి దిగిపోయింది. రైలు గేటు దాకా వెంట వెళ్లాను. గేటు పడి ఉంది. బొగ్గు గూడ్సు వెళ్తోంది. దాని చప్పుడు తగ్గాక, "సెప్పి మంచి పని సేసినావు," అంది. "నొప్పిగానే ఉంది గానీ, నాది నాకు తెలిసినాది." నా తల నిమిరి బస్సు వైపు వెళ్లింది.

ఆమె మా అత్తని క్షమించలేదు. మోకాళ్ల సంగతి మళ్లీ అడగలేదు. క్షమించి ఉంటే ఈ వ్యాసం ఇంకా అందంగా ఉండేదేమో. కానీ ఆమె తన మీద పడిన అబద్ధాన్ని ఊరికే వదిలెయ్యడానికి ఒప్పుకోలేదు. ఎదటివాళ్ల సుఖం కోసం నిజాన్ని మింగెయ్యక్కర్లేదని నాకు నేర్పింది ఆమే. మా అమ్మ నాకు అన్నీ సర్దుకుపొమ్మనే నేర్పింది. ఇది పక్కింటమ్మ దగ్గరే నేర్చుకున్నాను.

అల్లుడు కబురు చెప్పి వెళ్లాక నేను చీర మార్చుకుని బయల్దేరుతుంటే, మా అత్త చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "నానూ వత్తాను," అంది. మా ఆయన వద్దన్నాడు. ఆమె వినలేదు. పట్టుకుని రైలెక్కించాను. దువ్వాడ స్టేషను నుంచి రిక్షాలో వెళ్లాం.

పక్కింటమ్మ కూతురు నన్ను పట్టుకుని ఏడ్చింది. నా భుజం మీదుగా మా అత్తని చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. లోపలికి వెళ్లిపోయింది. మా అత్త కాసేపు నిలబడి, వీధి దాటి, ఎదురింటి అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది. ఆమెని ఎవరూ పిలవలేదు. ఆమె కూడా రాలేదు.

పాడె లేచినప్పుడు నేను గుమ్మంలోంచి చూశాను. మా అత్త కర్ర ఊతంతో లేచి నిలబడి కొంగు తలమీదికి లాక్కుంది. డప్పులు వీధి మలుపు తిరిగాక ఎదురింటామె ఆమె పక్కకి వచ్చి, "మీరు ఆళ్లకి ఏటవుతారమ్మా?" అని అడిగింది. నాకు స్పష్టంగా వినబడింది. మా అత్త ఆమె ముఖంలోకి చూసింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. మళ్లీ అరుగు మీద కూర్చుండిపోయింది. వీధి పొడుగునా పాడె వెనక చల్లిన పేలాలు పడి ఉన్నాయి. ఎక్కడినుంచో నాలుగు కోళ్లు వచ్చి వాటిని ఏరుకుతింటూ, మెల్లగా శ్మశానం దారి వైపు నడుచుకుంటూ పోతున్నాయి.